నూట నాలుగు మచ్చలు

వీరరాఘవులుకి ఒకటే దిగులు. తను చదువుకున్న తంగెడుపాలెం హైస్కూల్లోనే, తనకు ఇంగ్లీషు నేర్పిన సత్యానందం మాస్టారు హెడ్మాస్టరుగా ఉండగానే, ఇంగ్లీషు పంతులుగా చేరి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఆయన నోట ‘బాగుంది’ అన్న మాట ఒక్కసారీ రాలేదు.

పోనీ బాగాలేదని అన్నారా అంటే అదీ లేదు. తిట్టినా బాగుండును, తప్పెక్కడో తెలిసేది. ఏం చూపించినా ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, ఆసాంతం చూసి, “ఊఁ” అనేవారు. ఆ ఊఁకి అర్థమేమిటో బళ్ళో ఎవరికీ తెలియదు. ఇరవై ఏళ్ళుగా ఆయన బల్ల తుడుస్తున్న అటెండరు మస్తాన్ని అడిగితే, సారు ఊఁ అన్నారంటే విన్నారని, అంతకుమించి తనకూ తెలవదని చెప్పాడు.

నిజానికి వీరరాఘవులు చెడ్డ పంతులేం కాదు. ఎడ్జెక్టివ్ ఫ్రేజు పాఠం అతను చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరేవాళ్ళు. “మనం ముందు గుణం చెప్పి తర్వాత మనిషిని చూపిస్తాం. కర్ర పట్టుకున్న మనిషి అంటాం. ఇంగ్లీషువాడు ముందు మనిషిని నిలబెట్టి, ఆ తర్వాత వెనకాల తోక తగిలిస్తాడు. ఎ మేన్ విత్ ఎ స్టిక్. ఎ బకెట్ ఫుల్ ఆఫ్ వాటర్. ఆ తోకే ఎడ్జెక్టివ్ ఫ్రేజు. తోక లేకపోతే ఏ మనిషో, ఏ బకెట్టో తెలియదు” అనేవాడు.

పిల్లలకి తోక బాగా నచ్చింది. పాఠం అసలు పేరు మర్చిపోయి దాన్ని తోకల పాఠం అనసాగారు. మూడు నెలలు తిరక్కుండానే అతనికి తోకల సారు అని పేరు స్థిరపడింది. ఆ సంగతి ఊళ్ళో అతనికొక్కడికే తెలియదు.

అలాంటి తోకలు మూడు వందలు ఏరి, ఒక పొడుగు నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. దాన్ని అచ్చు వేయించాలని అతని కోరిక. మొదటి పేజీలో సత్యానందం మాస్టారి ముందుమాట ఉండాలన్నది అంతకంటే పెద్ద కోరిక. నోటుబుక్కు ఆయన బల్ల మీద పెట్టి మూడు నెలలయింది. అది సుద్దముక్కల డబ్బా కిందికి చేరి, అట్ట మీద గుండ్రంగా తెల్లటి మరక కూడా పడింది. ముందుమాట మాత్రం పడలేదు.

ఈలోపల డిసెంబరు వచ్చింది. పదో తరగతి పిల్లల వివరాలన్నీ పెద్ద పెద్ద కాగితాల మీద నింపి పరీక్షలకు పంపే నెల అది. వాటిని నామినల్ రోల్స్ అంటారు. సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులు. హాల్ టికెట్టు మీద ఫోటో ఉన్నా, అందులో ఉన్నది పిల్లాడో బొగ్గుముక్కో తేల్చడం కష్టం. అందుకని ఒక్కొక్క పిల్లకీ, పిల్లాడికీ ఒంటి మీద ఉన్న గుర్తులు రెండేసి, ఇంగ్లీషులో రాయాలి. ఎక్కడి పుట్టుమచ్చ, ఎక్కడి గాయం మచ్చ, అన్నీ తోకలతో సహా. ఆ గుర్తులే పరీక్ష హాల్లో సరిచూస్తారు. అవే సర్టిఫికెట్ మీద అచ్చవుతాయి. రేపు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినా అవే రాయాలి. దేవుడు పెట్టిన మచ్చ చెరిగినా చెరుగుతుందేమో గానీ, సర్కారు కాగితం మీద పడ్డ మచ్చ చెరగదు.

కిందటి మార్చిలో ఒక పరీక్షా కేంద్రానికి డ్యూటీకి వెళ్ళినప్పుడు వీరరాఘవులు కళ్ళారా చూశాడు కూడా. ఎక్కడిదో పాపం ఒక పిల్లని, చెంప మీద లేని మచ్చ కోసం అరగంట గుమ్మం బయట నిలబెట్టేశారు. ఆ పిల్ల లోపలికి వచ్చేసరికి మిగతావాళ్ళు రెండో పేజీ తిప్పేశారు. పిల్ల మొహం చూడకుండా రాసిన పంతులెవడో వాడికి బుద్ధి లేదని అక్కడున్న అందరూ తిట్టారు. అందరికంటే గట్టిగా తిట్టినవాడు వీరరాఘవులే.

తిట్టిన నోరు తిట్టినట్టే ఉంది గానీ, తన వంతు వచ్చేసరికి అతనికి అది గుమాస్తా పనిలా తోచింది. రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని నెట్టుకొచ్చాడు. తీరా చూస్తే గడువు నెత్తి మీదికి వచ్చింది. సోమవారం సాయంత్రం నాలుగు గంటల బస్సుకి మస్తాను ఆ కాగితాలు తీసుకుని పట్నం ఆఫీసుకి వెళ్ళాలి. ఆ బస్సు తప్పితే యాభై రెండు మంది పిల్లలకూ ఆ ఏడు పరీక్ష లేనట్టే. ఆదివారం వీరరాఘవులు ఇంట్లో కాగితాలు పరుచుకుని కూర్చున్నాడు. పిల్లలు ఎదురుగా లేరు. తోకలు మాత్రం బోలెడున్నాయి.

పైగా అతనికొక ధీమా. అతని సొంత పదో తరగతి సర్టిఫికెట్ మీద మొదటి గుర్తు ఇలా ఉంటుంది. ఎ మోల్ ఆన్ ద నేప్ ఆఫ్ ద నెక్, జస్ట్ బిలో ద హెయిర్. అంటే మెడ వెనక, జుట్టుకి కాస్త దిగువన పుట్టుమచ్చ. రాసినవారు సాక్షాత్తూ సత్యానందం మాస్టారు. కాలేజీలో చదివేటప్పుడు ఒకసారి రెండు అద్దాలు తెచ్చి, ముందొకటీ వెనకొకటీ పెట్టుకుని ఆ మచ్చ కోసం వెతికాడు. మెడ పట్టేసింది గానీ మచ్చ కనపడలేదు. అంత పెద్దాయనే ఊహించి రాశారంటే ఇక లోకం తీరే ఇంత అని అప్పుడే తీర్మానించుకున్నాడు.

కాకపోతే తను అందరిలా ‘కుడి చెంప మీద మచ్చ’ అని యాభై రెండు సార్లు దింపేసే రకం కాదు. నూట నాలుగు గుర్తులు, నూట నాలుగు రకాలుగా రాశాడు. ఏడుకొండలు అనే కుర్రాడికి కుడి మోకాలి కింద అర్ధచంద్రాకారంలో గాయం మచ్చ. నాగూరమ్మకి ఎడమ చెవి తమ్మె మీద ఆవగింజంత పుట్టుమచ్చ. బాలకోటయ్యకి రెండు భుజాల నడుమ నేరేడుపండు రంగు మచ్చ. ఒకసారి వాడిన మాట మళ్ళీ వాడలేదు. చీకటి పడేలోపు పూర్తి చేసి, చదువుకుని, తన మీద తనకే గౌరవం కలిగి లేచాడు. రాస్తున్నంతసేపూ ఒక్క పిల్ల మొహం కూడా అతనికి గుర్తు రాలేదు.

సోమవారం ప్రార్థన గంటకు ముందే కాగితాలు హెడ్మాస్టరు బల్ల మీద పెట్టాడు.

సత్యానందం మాస్టారు కళ్ళజోడు జార్చి మొదలుపెట్టారు. నూట నాలుగూ చదివారు. ప్రార్థన అయిపోయింది. మొదటి గంట కొట్టారు. వీరరాఘవులు నిలబడే ఉన్నాడు. చివరి కాగితం తిరగేసి ఆయన తలెత్తారు.

“ఒక్క తప్పు లేదు” అన్నారు.

మూడేళ్ళ ఎదురుచూపు ఫలించింది. అంతా మీరు నేర్పిందే అని వీరరాఘవులు చెబుదామనుకునేలోపు ఆయన కాగితాలు చేతికిచ్చారు.

“ఇవాళ హాజరు పేర్లతో వేయొద్దు. వీటితో పిలువు. ఎవరిది వాళ్ళు పలుకుతారు.”

తన తోకలను క్లాసులో చదివి వినిపించమంటున్నారని వీరరాఘవులు పొంగిపోయి బయల్దేరాడు. వరండాలో సగం దూరం నడిచాక గానీ ఆయన ఏం చేయమన్నారో బోధపడలేదు. కాళ్ళు కాస్త నెమ్మదించాయి. గురువు మాట కాదనలేడు. యాభై రెండు మంది ఉన్నారు, నూట నాలుగు మచ్చలున్నాయి, ఎక్కడో ఒకటి ఎవరో ఒకరికి తగలకపోతుందా అని ధైర్యం చెప్పుకుని క్లాసులోకి అడుగుపెట్టాడు.

ఇవాళ పేర్లు పిలవననీ, గుర్తు చదువుతాననీ, ఆ గుర్తు ఎవరిదైతే వాళ్ళు లేచి ప్రెజెంట్ సార్ అనాలనీ పిల్లలకి చెప్పాడు. పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. కొత్త ఆట ఏదో మొదలైనట్టు అందరి కళ్ళూ మెరిశాయి.

“ఎ స్కార్ ఇన్ ద షేప్ ఆఫ్ ఎ హాఫ్ మూన్ బిలో ద రైట్ నీ” అని చదివి, తెలుగులో కూడా చెప్పాడు.

ఎవరూ పలకలేదు. కానీ క్లాసు మొత్తం కిందికి వంగింది. మగపిల్లలు పంట్లాములు మోకాళ్ళ దాకా లాక్కుని చూసుకున్నారు. వాళ్ళవి అయ్యాక పక్కవాడివి లాగి చూశారు. కుడికాలు ఏదో తేలక కొందరు రెండు కాళ్ళూ చూశారు. రెండో బల్ల మీద ఏడుకొండలు మోకాలికి చుట్టుపక్కలంతా తడిమి, విచారంగా లేచాడు.

“సార్, నాకు లేదు సార్. కానీ అది నాకియ్యండి సార్. చాలా బాగుంది.”

అది నీదేరా అనబోయి వీరరాఘవులు నాలిక కరుచుకున్నాడు. తర్వాతది చదివాడు. నేరేడుపండు మచ్చ కోసం చొక్కాలు విప్పబోయారు. వద్దని కేకేశాడు. ఆవగింజ మచ్చ కోసం ఆడపిల్లలు ఒకళ్ళ చెవులు ఒకళ్ళు పట్టి వంచి చూసుకున్నారు. చెవిపోగు లాగేసిందని ఒకమ్మాయి ఇంకొకమ్మాయి మీద ఫిర్యాదు చేసింది. ఇరవయ్యోది చదివేసరికి ఏడుకొండలు మళ్ళీ లేచి ప్రెజెంట్ సార్ అన్నాడు. ఎడమ మణికట్టు మీద మచ్చ ఉన్నట్టే ఉంది. ప్రాణం లేచొచ్చి వీరరాఘవులు దగ్గరికి వెళ్ళి చూస్తే, దాని సిరా ఇంకా ఆరలేదు.

పలకనివాళ్ళకి హాజరుపట్టీలో ‘ఎ’ వేయాలి. ఎ అంటే ఆబ్సెంట్. అది బడి పద్ధతి. వీరరాఘవులు వేసుకుంటూ పోయాడు. యాభై రెండోది కూడా వేశాక చెమట తుడుచుకున్నాడు. తలెత్తేసరికి సత్యానందం మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో ఉన్నారు. లోపలికి వచ్చి, హాజరుపట్టీ అందుకుని, పైనుంచి కింది దాకా చూశారు. ఆ తర్వాత క్లాసు వైపు చూశారు. కిక్కిరిసి కూర్చున్న యాభై రెండు మందీ ఆయన వైపు చూశారు.

“ఇవాళ ఎవరూ రాలేదా?” అన్నారు.

వెనక బల్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఎవరు ఆపినా ఆగే నవ్వు కాదది. సత్యానందం మాస్టారు మాత్రం నవ్వలేదు. హాజరుపట్టీ బల్ల మీద పెట్టి, చంకలోని ఖాళీ కాగితాల కట్ట దాని పక్కన పెట్టి, వచ్చినట్టే వెళ్ళిపోయారు.

వీరరాఘవులుకి తల కొట్టేసినట్టయింది. పిల్లల ముందు పరువు పోయిందన్న ఉక్రోషం కూడా వచ్చింది. గబగబా వరండాలోకి వెళ్ళి ఆయన్ని అందుకున్నాడు. అన్ని బళ్ళలోనూ ఇలాగే రాస్తారనీ, వీటిని అంత పట్టించుకునేవాళ్ళెవరనీ ఏదేదో అన్నాడు. అంటుంటే చెంప మీద మచ్చ లేక గుమ్మంలో నిలబడ్డ పిల్ల గుర్తొచ్చి మాట తడబడింది. తడబడితే కోపం ఇంకా పెరిగింది. ఎన్నాళ్ళుగానో కడుపులో ఉన్నది బయటికి వచ్చేసింది.

“మీరు నాకు రాసింది మాత్రం చూసే రాశారా సార్? మెడ వెనక మచ్చ అని రాశారు. అది నాకు లేనే లేదు.”

సత్యానందం మాస్టారు ఆగి అతని వైపు చూశారు. వీరరాఘవులు జుట్టు అప్పటి ఫ్యాషను ప్రకారం కాలరు మీద పడుతూ ఉంది.

“జుట్టు బాగా పెరిగింది నీకు. ఇవాళ చేయించుకో” అన్నారు.

రెండడుగులు వేసి మళ్ళీ ఆగారు. “బస్సు నాలుగింటికి.”

అడిగిందొకటి, ఆయన చెప్పిందొకటి. వయసు మీద పడి ఈయనకి చాదస్తం వచ్చిందని గొణుక్కుంటూ వీరరాఘవులు క్లాసులోకి తిరిగి వచ్చాడు. ఖాళీ కాగితం మొదటిది ముందుకు లాక్కున్నాడు. గడియారం పదకొండు చూపిస్తోంది.

“ఒక్కొక్కళ్ళే రండి” అన్నాడు.

మొదటి నలుగురితోనే అతనికి తెలిసొచ్చింది. పిల్లలకి తమ మచ్చలు ఊరికే ఉండవు, ప్రతిదానికీ ఒక కథ ఉంటుంది. కథ చెప్పకుండా మచ్చ చూపించరు. ఒకడి నుదుటి మీద గాటు దూడ కుమ్మినది. దూడ పేరు కూడా చెప్పాడు. ఒకమ్మాయి చూపుడువేలి మీద గీత మొదటిసారి ఒంటరిగా వరికోతకి వెళ్ళిననాటి కొడవలిది. ఒకడి గడ్డం కింద కుట్లు తమ్ముణ్ణి నూతి గట్టు మీంచి వెనక్కి లాగబోయి పడ్డప్పటివి. తమ్ముడికేం కాలేదు సార్ అని వాడు చివర్లో చెప్పాడు. మూడేళ్ళుగా వీళ్ళకి పాఠం చెబుతున్నాడు. వీళ్ళలో ఎవరికి తమ్ముడున్నాడో, ఎవరింట్లో దూడ ఉందో అతనికి ఇవాళే తెలిసింది.

ఆడపిల్లలు మొహం మీదా చేతుల మీదా ఉన్నవి తామే చూసుకుని, ఒకళ్ళకొకళ్ళు సాక్ష్యం చెప్పుకుని వచ్చి చెప్పారు. మగపిల్లల్లో మూడొంతులు నెగ్గుకొచ్చాక బాలకోటయ్య దగ్గర బండి ఆగిపోయింది. వాడి ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. కడిగిన గచ్చులా ఉన్నాడు. దెబ్బ తగిలే పని వాడు జన్మలో చేసినట్టు లేడు. నలుగురు స్నేహితులు ముందుకొచ్చి వాణ్ణి వెలుతుర్లోకి తిప్పి, చెవుల వెనకా మోచేతుల కిందా అంతా గాలించారు. వాడు ఏడుపు మొహం పెట్టాడు.

“సార్, నాకు మచ్చ లేకపోతే పరీక్ష రాయనియ్యరా సార్?”

“ఉంటుందిరా. ఎక్కడో ఉంటుంది” అన్నాడు వీరరాఘవులు. ఆ మాట చెప్పేటప్పుడు అతనికి నిజంగానే భయం వేసింది. వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, తను నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, వాడి కాలు ఒళ్ళో పెట్టుకుని దుమ్ము తుడిచాడు. అప్పుడు కనపడింది. కుడి అరికాల్లో, మడమకి పైన, గురివిందంత నల్లగా పుట్టుమచ్చ. అదే కాలి చిటికెనవేలి గోరు రెండుగా చీలి ఉంది. ఒకటి అడిగితే రెండు దొరికాయి. అరికాల్లో మచ్చ ఉంటే కారులో తిరుగుతాడని ఎవరో అన్నారు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. తోకల సారు పిల్లాడి కాళ్ళు పట్టుకున్నాడని మధ్యాహ్నానికల్లా బడంతా తెలిసింది. ఆ విధంగా తన పేరు తోకల సారని వీరరాఘవులుకి కూడా తెలిసింది.

అన్నానికి వెళ్ళలేదు. అందరివీ రాశాడు. రాస్తున్నవన్నీ చిన్న చిన్న మాటలే. ఎ మోల్ ఆన్ ద సోల్ ఆఫ్ ద రైట్ ఫుట్. ఎ స్కార్ అండర్ ద చిన్. పొడుగు నోటుబుక్కులోని మూడు వందల్లో ఒక్కటి కూడా ఏ పిల్లకీ పనికి రాలేదు.

మూడున్నరకి ఒక్క పేరు మిగిలింది. నాగూరమ్మ.

“ఆమెకి వెతకక్కర్లేదు సార్. కాలిన మచ్చ ఉందిగా” అన్నాడు ఏడుకొండలు. వాడి మాటలో వెటకారం లేదు. అందరికీ తెలిసిన సంగతిలా చెప్పాడు.

వీరరాఘవులు కలం ఆపి తలెత్తాడు. అతనికి తెలియదు. నాగూరమ్మ ఎప్పుడూ గోడ పక్క చివర, కుడి వైపు గోడకి ఆనించి కూర్చుంటుంది. ఎడమ చెంప తప్ప అతను ఎన్నడూ చూడలేదు. దగ్గరికి వచ్చి నిలబడితే చూశాడు. కుడి చెంప కింది నుంచి మెడ మీదుగా ఓణీ లోపలికి చర్మం ముడతలు పడి ఉంది. పసితనంలో కాగే గంజి ఒంటి మీద పడిందట. ఈ పిల్లకి తను నిన్న ఆవగింజంత మచ్చ రాసిచ్చి మురిసిపోయాడు. వీరరాఘవులుకి సిగ్గేసింది. మూడేళ్ళలో ఎన్నడూ వేయనంత సిగ్గు.

గబుక్కున కనపడే గుర్తే రాయాలని పైవాళ్ళ నియమం. అంతకంటే కనపడేది ఇంకేముంటుంది. కలం కాగితం మీద పెట్టాడు.

“సర్టిఫికెట్ మీద కూడా అదేనా సార్?” అంది నాగూరమ్మ.

ఆ పిల్ల గట్టిగా అనలేదు. ఏడవనూ లేదు. టైమెంతయిందని అడిగినట్టు అడిగింది. కలం అక్కడే ఆగిపోయింది.

గుమ్మంలో మస్తాను కవరు పట్టుకుని నిలబడి, మూడూ నలభై అయిందని గుర్తు చేశాడు. వీరరాఘవులు వినిపించుకోలేదు. నాగూరమ్మకి ఒక కాగితమూ కలమూ ఇచ్చి, నీ పేరు రాయమ్మా అన్నాడు. ఆ పిల్ల వంగి రాస్తుంటే చేతినే చూస్తూ కూర్చున్నాడు. పేరు రాసింది. ఇంటిపేరు రాయమన్నాడు. అది కూడా రాసింది. ఊరి పేరు రాసేటప్పుడు బొటనవేలు మడత పడి, కణుపు మీద నల్లటి చుక్క పైకి తేలింది. అది సిరా కాదు. తుడిచి చూడమంటే ఆ పిల్ల తుడిచింది, పోలేదు.

“ఇది పుట్టుమచ్చా సార్?” అని వేలిని కంటి దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. ఇన్నేళ్ళూ తన వేలికే ఉన్నదాన్ని ఎవరో కొత్తగా తెచ్చిపెట్టినట్టు చూసుకుంది. రెండోది ఎడమ మణికట్టు మీద గాజు గుచ్చుకున్న సన్నటి గీత. ఈసారి ఆ పిల్లే వెతికి చూపించింది.

ఎ మోల్ ఆన్ ద నకుల్ ఆఫ్ ద రైట్ థంబ్. అంత శ్రద్ధగా అతను జీవితంలో ఏ వాక్యమూ రాయలేదు.

నాలుగు దాటి పది నిమిషాలకి రోడ్డు మీద బస్సు హారను వినపడింది. మస్తాను కాగితాలు కవర్లో కుక్కుకుని పరుగు తీశాడు. వెనకాల వీరరాఘవులు, అతని వెనకాల ఏడుకొండలూ సగం క్లాసూ పరుగు తీశారు. వెళ్ళేసరికి బస్సు బడి గేటు ముందు ఆగి ఉంది. మెట్టు మీద ఒక కాలు పెట్టి సత్యానందం మాస్టారు కండక్టరుతో మాట్లాడుతున్నారు. పిల్లలెంతమందని అడిగారట. పెద్దవాడేం చదువుతున్నాడన్నారట. వానలెలా ఉన్నాయన్నారట. మీ మామగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని కూడా అడిగారట. ఏడాదికి సరిపడా మాటలన్నీ ఆయన ఆ పది నిమిషాల్లో ఖర్చు పెట్టేశారు. ఈయన దిగితే గానీ బస్సు కదలదు, పెద్దాయన్ని దిగమనడానికి కండక్టరుకి నోరు రాలేదు.

మస్తాను చేతిలోంచి పై కాగితం లాగి ఆయన చూశారు. కళ్ళజోడు జారింది.

“ఊఁ” అన్నారు.

కాగితం కవర్లో పెట్టి, కాలు కింద పెట్టారు. బస్సు వెళ్ళిపోయింది. ఆ ఊఁకి అర్థమేమిటని వీరరాఘవులు ఆలోచించలేదు. ఆయన గదికి వెళ్ళి, సుద్దముక్కల డబ్బా పక్కకి జరిపి, నోటుబుక్కు తనే తీసుకున్నాడు. ఆయన ఎందుకని అడగలేదు. తలుపు దాటుతుంటే మాత్రం, “క్షవరం” అని గుర్తు చేశారు.

ఆ వేళకి వీరరాఘవులుకి కోపం చేసే ఓపిక కూడా లేదు. ఇంటికెళ్ళే దారిలోనే కొండలు సెలూను. అతనికి ఊహ తెలిసినప్పటి నుంచీ క్షవరం చేస్తున్నది కొండలే. చిన్నప్పుడు కుర్చీ చేతుల మీద చెక్క వేసి కూర్చోబెట్టేవాడు. ఇప్పుడు చెక్క లేదు, మిగతాదంతా అదే. తెల్లగుడ్డ మెడకి చుట్టి, ఎంత తీయమంటారని అడిగాడు.

“చిన్నప్పుడు మా నాన్న చెప్పేవాడే, అంత” అన్నాడు వీరరాఘవులు.

కొండలు ఆశ్చర్యపోయి కత్తెర అందుకున్నాడు. జుట్టు కుప్పలుగా ఒళ్ళో పడింది. సాయంత్రం ఎండ వీధి మీంచి వచ్చి కుర్చీ మీద పడుతోంది. వెనకవైపు కూడా తీసేశాక, మెడ నున్నగా చేయడానికి కొండలు మంగలి కత్తి బయటికి తీసి, తోలుపట్టీ మీద నూరాడు. తల వంచమన్నాడు. వీరరాఘవులు వంచాడు.

చల్లటి కత్తి మెడ మీద ఆని, నిటారుగా దిగి, ఒకచోట పక్కకి తిరిగి, మళ్ళీ కిందికి దిగింది.

“అక్కడెందుకు తిప్పావు కొండలూ?”

“మచ్చ ఉంది కదా సారూ. పుట్టుమచ్చ. కాస్త పైకి ఉబ్బి ఉంటది. కత్తి తగిలిందా, రగతం ఆగదు” అన్నాడు కొండలు. “పాతికేళ్ళ నుంచీ దాని పక్క నుంచే తిప్పుతున్నా. మీకు తెలవదా?”

వీరరాఘవులుకి తన పదో తరగతి గుర్తొచ్చింది.

అప్పుడు అతనిది మొదటి బల్ల. పుస్తకంలో మొహం పెట్టి, తలెత్తకుండా రాసేవాడు. సత్యానందం మాస్టారు ఎప్పుడూ బల్లల వెనక నుంచి నడుస్తూ పాఠం చెప్పేవారు. నడిచి నడిచి ఒక్కోసారి సరిగ్గా అతని వెనక వచ్చి ఆగేవారు. తప్పు రాశానేమో, వీపు మీద దెబ్బ పడుతుందేమోనని అతను ఊపిరి బిగబట్టేవాడు. దెబ్బ ఎన్నడూ పడలేదు. కాసేపుండి, ఊఁ అని, ముందుకి వెళ్ళిపోయేవారు.

“అద్దం తెచ్చి చూపించమంటారా సారూ?” అన్నాడు కొండలు.

“వద్దులే” అన్నాడు వీరరాఘవులు. తల ఇంకొంచెం వంచాడు.